రూపాయికి బారాణ

రాత్రి రెండున్నరకు
ఎముకల వార్డుల మూడో ఫ్యాను
కిర్రుమనుకుంటనే తిరుగుతది.
నలభై మంచాలు, కింద చాపల మీద పదకొండు మంది,
స్టాఫ్ నర్సును నేనొక్కదాన్ని.
ఇంజక్షన్ ట్రే పక్కన ఫోన్ వణికిందంటే
అది జెసింతనే.
అక్కడ ఇప్పుడు రాత్రి పది.
డ్యూటీ దిగి, ట్రామ్ కోసం నిలవడి,
మఫ్లర్ లోపలి నుంచి మాట్లాడుతది.

కాజీపేట ఫాతిమానగర్ పిల్ల.
ఆరేండ్లు ఈ వార్డుల నా జోడి.
నరం దొరకకపోతే పిల్లల వార్డు నుంచి గూడ
మనిషి ఉరికొచ్చేది ఆమె కోసం.
కండ్లు మూసుకొని వేలికొనతో దేవులాడేది
కరెంటు పోయినంక అగ్గిపెట్టె దేవులాడినట్టు.

ఆ చేతికి అక్కడ సూది ఇయ్యలేదట.
"కాగితాలకు గుర్తింపు వచ్చేదాక సహాయకురాలినే అక్కా.
ఒళ్లు తుడుస్త. పండ్ల సెట్టు కడుగుత.
రొట్టెకు వెన్న రాసి తినవెడుత.
మన దగ్గర ఇదంత
మంచం కింద పండుకున్న బిడ్డనో కోడలో చేసేది గద.
ఇక్కడ మంచం కింద ఎవ్వరుండరు.
మొదటి రోజు వంగి చూసిన."

నవ్వుతది. వెనక ట్రామ్ గంట.

ఇంకో ముచ్చట.
ఒక ముసలాయన, తుంటి విరిగింది.
నొప్పి సున్నా నుంచి పదిల ఎంత అని అడగాలె, అది రూలు.
"మూడు" అన్నడట గోడ దిక్కు చూసుకుంట.
దుప్పటి కింద కాలివేళ్లు మాత్రం
పిడికిలి లెక్క బిగుసుకపోయినయట.
"తొమ్మిది అక్కా అది. కాని రోగి చెప్పిందే రాయాలె.
మూడే రాసిన.
కింద ఖాళీ జాగల, నాకొచ్చిన తప్పుల జర్మన్‌ల,
వేళ్లు బిగవట్టిండు అని రాసిన.
పొద్దుగాల పెద్ద సిస్టర్ పిలిస్తే గుండె జారింది.
ఆమె నా క్రియను ఆఖరుకు జరిపి
(అచ్చం మన తెలుగు లెక్కనే)
డాక్టర్‌కు ఫోన్ చేసి మందు పెంచిపిచ్చింది."

నయీంనగర్ల నేను గూడ క్లాసుకు పోతున్న.
ఆరుగురం నర్సులం, ఒకాయన వెల్డర్.
రెండో మెట్టు కాడ రెండుసార్లు ఆగిన.
రిపోర్టు బుక్కు కింద అట్టేసిన పుస్తకం దాస్త,
అందుల నేర్చిన ప్రశ్నలు ఈ మంచాల మీద పరీక్షిస్త.

పదమూడో మంచం కొంరమ్మ.
ఎనుమాముల యార్డుల తాలు మిర్చి ఏరుతుంటే
బస్తాల వరుస కూలి మోకాలు పలిగింది.
"అవ్వా, నొప్పి పదిల ఎంతుంటది?"
"పదేంది బిడ్డా?
రూపాయికి బారాణ ఉన్నది.
నిన్న పదిహేనణాలుండె."

లెక్క కడితె ఏడున్నర.
గడిల సగం పట్టది.
పదహారుకు పన్నెండు అని రాసిన, మధ్యల అడ్డగీత.
రౌండ్లకొచ్చిన హౌస్ సర్జన్
"ఇదేం బీపీ సిస్టర్?" అని బిత్తరపోయిండు.

ఇది చెప్తె జెసింత నవ్వీ నవ్వీ
ఒక ట్రామ్ పోగొట్టుకున్నది.
ఆ తర్వాత పంపిన దాంట్ల మాట లేదు,
ఉత్త గాలి చప్పుడు.
"నీకెంతనే, రూపాయికి?" అని టైపు చేసిన.
గీతలు నీలంగైనయి. అంతే.

ముప్పై ఒకటిల సెలైన్ అయిపోయింది, మార్చిన.
చాప మీది పిలగాన్ని దాటబోయి
వాని చెయ్యి తొక్కిన, లేవలె.
నాలుగున్నరకు స్టేషన్ దిక్కుకెళ్లి ఇంజన్ కూత,
దాని ఎనకనే ఫోన్.

"ఆఠాణ.
సోమవారం నుంచి సూది పట్టనిస్తరట.
మొదటి చెయ్యి ఎవరిదో."

పైకే చదివినట్టున్న.
కొంరమ్మ కండ్లు తెరిచింది.
"ఎవలకు బిడ్డా, ఆఠాణ?"
"జెసింత సిస్టర్‌కు. నీకు తెల్వదు, దూరముంటది."
"అయ్యో," అన్నది,
"ఆమెకు గూడ మోకాలేనా?"